కీళ్ళ జబ్బుకు యుద్ధభాష ఎవరికోసం?

రుమటాయిడ్ ఆర్థరైటిస్ గురించి తెలుగులో వచ్చే వైద్య వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే కథ చెబుతాయి. ఒంటిని కాపాడాల్సిన సైన్యం దారి తప్పిందనీ, శత్రువెవరో మిత్రుడెవరో పోల్చుకోలేక సొంత కీళ్ళ మీదే దాడికి దిగిందనీ ఆ కథ సారాంశం. పత్రికల ఆరోగ్యం పేజీల్లో, ఆస్పత్రి గోడల మీద, టీవీలో డాక్టర్లతో ముఖాముఖీల్లో ఇదే పోలిక. నేను పదకొండేళ్ళుగా ఈ జబ్బుతో ఉన్నాను. హిందూపురంలో డిగ్రీ పిల్లలకు తెలుగు పాఠం చెబుతాను. అందుకని ఈ పోలికను రోగిగా వినడంతో పాటు ఒక పాఠంగా చదవడం కూడా నాకు అలవాటయింది. అలంకారం ఊరికే ఉండదని క్లాసులో చెబుతుంటాం కదా. అది ఒకరిని కథానాయకుణ్ణి చేస్తుంది, ఇంకొకరిని ద్రోహిని చేస్తుంది. మరి ఈ కథలో ద్రోహి ఎవరు? ఆ ఒళ్ళు ఎవరిదో వాళ్ళే. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అంటే తన ఒంటికి తానే ద్రోహం చేసుకుందని చెప్పించుకునేది ఎక్కువగా స్త్రీయే.

ఈ యుద్ధభాష స్త్రీలకు అన్యాయం చేస్తోందని నా వాదన. పైగా అది సైన్సుపరంగా కూడా చాలనిదైపోయింది. రక్షణ కణాలు చక్కెరను ఏం చేసుకుంటున్నాయని గత పదిహేనేళ్ళుగా సాగుతున్న పరిశోధన ఈ జబ్బు గురించి ఇంకో రకం కథ చెబుతోంది. ఆ కథ మన భాషలోకి రావాలి. అయితే దాన్ని కూడా చేతులు జోడించి కాకుండా, ప్రశ్నలు వేస్తూ తెచ్చుకోవాలి.

ముందు మాటల సంగతి చూద్దాం. 'ఇమ్యూనిటీ' పుట్టుకతో వైద్యం మాట కాదు. దాని లాటిన్ మూలం న్యాయానికీ పాలనకూ చెందినది. పన్నుల నుంచీ, ఊరి ఉమ్మడి బాధ్యతల నుంచీ కొందరికి ఇచ్చే మినహాయింపును అలా పిలిచేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర సూక్ష్మజీవుల శాస్త్రం ఎదుగుతున్న రోజుల్లో అది శరీరానికి అంటుకుంది, దాంతోపాటే సరిహద్దులూ కాపలాలూ దాడులూ వచ్చి చేరాయి. 1901 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎహర్లిక్, శరీరం తన మీద తాను విషం తయారుచేసుకోవడం ప్రకృతికే గిట్టని పని అనే అర్థంలో 'హారర్ ఆటోటాక్సికస్' అన్న పేరు పెట్టాడు. తర్వాత ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెక్‌ఫార్లేన్ బర్నెట్ మొత్తం వ్యవహారాన్ని 'తాను', 'తాను కానిది' అనే రెండు గడుల్లో సర్దాడు. ఆ గడుల ప్రకారం ఆటో ఇమ్యూన్ జబ్బు అంటే తనను తాను గుర్తుపట్టలేకపోవడం. వింటే ఇది వైద్య వివరణలా ఉండదు, నీతి తీర్పులా ఉంటుంది.

ఈ భాషను మొదట గట్టిగా నిలదీసింది స్త్రీలే. జబ్బు చుట్టూ అల్లిన ఉపమానాలు రోగినే దోషిని చేస్తాయని సూసన్ సాంటాగ్ 1978లో క్యాన్సర్, క్షయల గురించీ, 1989లో ఎయిడ్స్ గురించీ రాసింది. మానవశాస్త్రవేత్త ఎమిలీ మార్టిన్ 1990లలో రోగనిరోధక శాస్త్రం పుస్తకాలనూ పత్రికలనూ వరసపెట్టి చదివింది. శరీరాన్ని ఒక దేశంగా, కణాలను సైనికులుగా వర్ణించిన ఆ పుటల్లో ఆమెకు ఒక శ్రమ విభజన కూడా కనిపించింది. టి కణాలు వీరులు. చచ్చిన కణాలను, చెత్తను తినే మాక్రోఫేజ్ కణాలు ఇల్లూడ్చే పనివాళ్ళు. చీపురు పట్టిన కణానికి మైక్రోస్కోపు కింద కూడా గౌరవం తక్కువే! 1994లో పాలీ మాట్సింగర్ అనే శాస్త్రవేత్త శాస్త్రం లోపలినుంచే 'తాను-పర' గడులను ప్రశ్నించింది. వ్యవస్థ స్పందించేది పరాయితనానికి కాదని, కణజాలం గాయపడి పంపే ప్రమాద సంకేతాలకని ఆమె ప్రతిపాదన.

తెలుగులో మనం చేసుకున్న మాట 'రోగనిరోధక శక్తి'. ఇది యుద్ధం అనదు గానీ ఇంకో ఇబ్బంది తెచ్చిపెట్టింది. శక్తి అన్నాక అది తక్కువో ఎక్కువో ఉండాలి, ఎక్కువుంటే మంచిదనిపించాలి. 2020లో కోవిడ్ వచ్చాక ఈ 'శక్తి'ని పెంచుతామంటూ కషాయాలూ పొడులూ మాత్రలూ ఎన్ని అమ్ముడుపోయాయో అందరం చూశాం. రుమటాయిడ్ ఉన్న మనిషికి 'పెంచడం' అనే మాటే అర్థం లేనిది. ఆమె సమస్య కొలతది కాదు, నడకది. ఈ తేడా చెప్పడానికి మన మాట చాలడం లేదు.

ఇప్పుడు మా ఊళ్ళకు వద్దాం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుమార్గం మీద వరసగా ఉంటాయి. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. ధర్మవరం అంటే పట్టుచీర. హిందూపురం అంటే పట్టుగూళ్ళ మార్కెట్టు, బెల్లం, చింతపండు. పెనుకొండ అంటే కోట. ఈ పేర్లన్నీ సరుకులవీ రాళ్ళవీ. ఆ సరుకు వెనక ఉన్న చేతులకు పేరు లేదు. ధర్మవరంలో మగ్గం మీద కూచున్న మగవాణ్ణి నేతగాడు అంటారు. కండెలు చుట్టేదీ, పోగులు అతికేదీ, తెగిన దారం వెతికి ముడేసేదీ ఇంటి ఆడవాళ్ళు. అదంతా 'సాయం' కింద లెక్క. పట్టు తీసేచోట ఉడుకునీళ్ళలో తేలే గూళ్ళ నుంచి పోగు కొసను వేళ్ళతో పట్టేది చాలాచోట్ల ఆడవాళ్ళే. వేళ్ళ కణుపులు వాళ్ళ బతుకుతెరువు. రుమటాయిడ్ మొదట పట్టుకునేవి సరిగ్గా ఆ కణుపులనే. రెండు చేతులకూ ఒకే తీరుగా వస్తుంది.

ధర్మవరంలో కండెలు చుట్టే ఒకామె నాతో చెప్పింది: "పొద్దన్నే లేస్తానే చేతులు కట్టెల మాదిరి అయిపోయింటాయి మేడం. చెంబు గూడా పట్టుకోల్యాను. ఎండెక్కేటప్పటికి రోంత సడలుతాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు, ఇంతసేపూ నాటకాలాడ్తివా అంటారు." వైద్యం చదువుకోని ఈమె రెండు ముక్కల్లో చెప్పింది ఈ జబ్బు ముఖ్య లక్షణం. కీలు అరిగినందువల్ల వచ్చే నొప్పి పనిచేస్తే పెరుగుతుంది, కూచుంటే తగ్గుతుంది. ఇది దానికి తలకిందులు. విశ్రాంతి తర్వాత, ముఖ్యంగా తెల్లవారుజామున బిగుసుకుపోయి, అరగంటో గంటో ఇంకా ఎక్కువో పట్టి, కదిలేకొద్దీ వదులుతుంది. ఒక ఆడమనిషి పొద్దున్నే లేవలేకపోవడం, పదింటికి లేచి పనిచేయగలగడం మన ఇళ్ళలో ఎలా అర్థమవుతుంది? సోమరితనంగా. జబ్బు లక్షణమే ఆమె మీద సాక్ష్యమవుతుంది.

పెనుకొండలో ఒక చిన్నామె కథ ఇంకోలా ఉంది. కడుపుతో ఉన్నన్ని రోజులూ ఆమెకు నొప్పులు తగ్గిపోయాయి, కాన్పయ్యాక రెండో నెలకు మళ్ళీ విరుచుకుపడ్డాయి. బాలింతకు గాలి తగిలిందన్నారు, తలకు గుడ్డ కట్టుకోనందుకు తిట్టారు. నిజానికి గర్భంతో ఉన్నప్పుడు ఈ జబ్బు చాలామందిలో నెమ్మదించడం, కాన్పు తర్వాత తిరగబెట్టడం వైద్యులకు దాదాపు నూరేళ్ళుగా తెలిసిన విషయం. హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేసే ఇంకొకామె, చేతులు సాగకపోతే లెక్క తప్పుతుందని నొప్పి మాత్రలు మింగి షిఫ్టుకు పోతుంది. "డాక్టరు నీ ఒళ్ళే నిన్ను తింటా ఉండాది అన్న్యాడు అక్కా. నేనేం పాపం చేస్తిని?" అని అడిగింది. ఆ డాక్టరు చెడ్డవాడై అలా అనలేదు. తనకు నేర్పిన పోలికను తెలుగు చేశాడు, అంతే. కానీ ఆ పోలిక ఆమె చెవిలో కర్మ సిద్ధాంతంగా మారింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆడవాళ్ళ చేతుల నొప్పులన్నీ ఈ జబ్బు కావు. నల్లగొండ ప్రాంతంలో చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి తల్లి భుజం పడిపోవడం చూడలేక లక్ష్మీ ఆసుయంత్రం తయారుచేశాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా తీశారు. అది చాకిరీ వల్ల వచ్చే నొప్పి, దానికి యంత్రం జవాబు. రుమటాయిడ్ చాకిరీ వల్ల పుట్టదు, చాకిరీ తగ్గించినంత మాత్రాన పోదు. రెంటినీ 'వాతం' అనే ఒక్క మూటలో కట్టడం వల్ల చాకిరీ నొప్పికి న్యాయం జరగదు, జబ్బుకు వైద్యమూ అందదు. లక్షణాలు మొదలైన మొదటి కొన్ని నెలల్లో సరైన మందు పడితే కీలు నిలుస్తుంది. ఎముక కొరుక్కుపోయాక వెనక్కి రాదు. మాట తప్పైతే ఆ నెలలు పోతాయి. అందుకే ఇది పండితుల చర్చ కాదంటున్నాను.

సరే, చక్కెర కథకు వద్దాం. తెలుగులో 'షుగరు' అనగానే మధుమేహం గుర్తొస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను, ఇది రక్తంలో చక్కెర ఎంతుందన్న సంగతి కాదు. ఒక్కో కణం తన లోపలికి వచ్చిన గ్లూకోజును ఏం చేస్తుందన్న సంగతి.

ఇంట్లో ఒక దుంగ ఉందనుకోండి. దాన్ని పొయ్యిలో పెట్టి వంట చేసుకోవచ్చు, వడ్రంగికిచ్చి మంచం కోళ్ళు చేయించుకోవచ్చు. కణానికి గ్లూకోజు అలాంటిదే. దాన్ని రెండుగా విరిచి, మైటోకాండ్రియాలో పూర్తిగా మండిస్తే ఒక్కో గ్లూకోజు నుంచి ముప్ఫై చిల్లర ఎటిపి అణువులు వస్తాయి. ఎటిపి అంటే కణం ఖర్చు పెట్టుకునే శక్తి నాణెం. విరిచి వదిలేస్తే మిగిలేవి రెండే, లాక్టేటు బయటికి పోతుంది. విశ్రాంతిగా ఉన్న టి కణం కొద్దిపాటి గ్లూకోజుతో, నిదానంగా మండించుకుంటూ బతుకుతుంది. పని పడి వేగంగా పిల్లకణాలను కనాల్సినప్పుడు మాత్రం గ్లూకోజును ఎక్కువగా లాక్కుని, ఆక్సిజన్ ఉన్నా పూర్తిగా మండించకుండా లాక్టేటు చేస్తుంది. ఈ పద్ధతిని 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ క్యాన్సర్ కణాల్లో గమనించాడు. మొదట ఇది దుబారాలా కనిపించింది. తర్వాత తేలిందేమంటే, రెండు కణాలు కావాలంటే శక్తి ఒక్కటే చాలదు, కొత్త డి.ఎన్.ఎ.కూ, కొత్త పొరలకూ ముడిసరుకు కావాలి. గ్లూకోజులో కొంత ఆ సరుకు చేయడానికి పోతుంది.

రుమటాయిడ్ రోగుల టి కణాలు గ్లూకోజును బాగా విరుస్తూ ఉంటాయనే ఎవరైనా ఊహిస్తారు. కార్నీలియా వేయాండ్, యోర్గ్ గొరోంజీల బృందం 2013లో చూపింది దానికి వ్యతిరేకం. ఈ రోగుల టి కణాల్లో, ఇంకా ఏ పనికీ దిగనివాటిలో, గ్లూకోజు విరిచే వేగాన్ని పెంచే పి.ఎఫ్.కె.ఎఫ్.బి.3 అనే ఎంజైము తక్కువగా ఉంది. దాంతో గ్లూకోజు పొయ్యి దారి వదిలి పక్కదారి పడుతోంది. ఆ దారి పేరు పెంటోజ్ ఫాస్ఫేట్ మార్గం. అక్కడ తయారయ్యేవి డి.ఎన్.ఎ.కు కావలసిన చక్కెర ముక్కలూ, ఎన్.ఎ.డి.పి.హెచ్. అనే అణువులూ. ఈ రెండోవి కణంలో పుట్టే చురుకైన ఆక్సిజన్ కణికలను చల్లార్చేస్తాయి. పొయ్యి పోలికలోనే చెప్పాలంటే, పొగ లేకుండా చేస్తాయి.

పొగ లేకపోతే మంచిదే కదా అనిపిస్తుంది. యాంటీ ఆక్సిడెంట్ల ప్రకటనలన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. కానీ కణం లోపల ఆ పొగ ఒక కబురు. కొద్దిగా పొగ వస్తేనే ఎ.టి.ఎం. అనే కాపలా ప్రోటీను మేలుకుని, విభజన మధ్యలో కణాన్ని ఆపి, డి.ఎన్.ఎ. సరిగా ఉందా అని చూస్తుంది. అదే బృందం 2016లో చూపింది ఈ సంగతే: రుమటాయిడ్ టి కణాల్లో పొగ చాలదు, కాపలా మేలుకోదు, ఆగి చూసుకోవలసిన చోట ఆగకుండా కణాలు గబగబా పిల్లలవుతాయి, మంట పుట్టించే రకంగా మారిపోతాయి. మనిషి కణజాలం పెట్టిన ఎలుకల్లో ఆ ఆక్సిజన్ కణికలను తిరిగి పెంచితే మంట తగ్గింది. కీలు లోపలికి చేరాక కథ మళ్ళీ మారుతుంది. అక్కడి మాక్రోఫేజ్‌లు, కీలుపొర కణాలు గ్లూకోజును విపరీతంగా విరుస్తాయి. ఉబ్బిన కీలు నీటిలో గ్లూకోజు తగ్గుతుంది, లాక్టేటు పెరుగుతుంది, ఆక్సిజన్ సరిగా అందదు. ఒకే జబ్బులో ఒక కణానికి చక్కెర విరవడం తక్కువ, ఇంకో కణానికి ఎక్కువ.

ఈ కథలో శత్రువు ఎవరు? ఎవరూ లేరు. తిరుగుబాటు చేసిన సైన్యమూ లేదు, తనను తాను గుర్తుపట్టని పిచ్చిదీ లేదు. ఉన్నది పంపకం తేడా. ఏ సరుకు ఏ పనికి పోవాలో, ఎక్కడ ఆగి సరిచూసుకోవాలో ఆ ఏర్పాటు దెబ్బతినడం ఉంది. "నీ ఒళ్ళే నిన్ను తింటోంది" అనడానికీ, "నీ రక్తంలో కొన్ని కణాలు ఆగాల్సిన చోట ఆగడం లేదు, ఆపే మందులున్నాయి" అనడానికీ మధ్య తేడా ఆ ఫ్యాక్టరీ అమ్మాయికి ఎంతుంటుందో ఊహించండి. మొదటి మాటకు ఆమె దగ్గర జవాబు లేదు. రెండోదానికి "ఏం మందు, ఎన్నాళ్ళు?" అని అడగొచ్చు.

అయితే ఈ కొత్త కథను కూడా మనం ఊరికే వదలకూడదు. మొదటి ప్రమాదం వంటింటి నుంచి వస్తుంది. కణాలూ చక్కెరా అనగానే 'తీపి మానెయ్, బెల్లం మానెయ్' అనే సలహా పుడుతుంది. బెల్లం తింటే రుమటాయిడ్ వస్తుందనో, మానేస్తే పోతుందనో ఈ పరిశోధన చెప్పడం లేదు. రక్తంలో గ్లూకోజును శరీరం ఒక హద్దులో నిలబెట్టుకుంటుంది, ఉపవాసమున్నా కణానికి అందుతుంది. తేడా కణం లోపలి ఎంజైముల్లో ఉంది, ఆమె కంచంలో కాదు. గ్లూకోజు దారిని మళ్ళించే మందులు ప్రయోగశాలలో ఎలుకల మీద ఆశ కలిగించాయి గానీ కీళ్ళ జబ్బుకు స్థిరపడిన చికిత్స కాలేదు. ఆడదాని జబ్బుకు ఆడదాని నాలుకను తప్పుపట్టడం మనకు కొత్త కాదు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

రెండో ప్రమాదం ప్రాచీన వైభవం. ఆయుర్వేదంలో మాధవ నిదానం దీనికి దగ్గరగా ఉండే 'ఆమవాతం' గురించి చెప్పింది. సరిగా పచనం కాని 'ఆమం' కీళ్ళలో చేరడమని అందులో వివరణ. అందుకని కణాల చక్కెర సంగతి మనవాళ్ళకు ముందే తెలుసని చంకలు కొట్టుకునేవాళ్ళు బయల్దేరతారు. పచనమనే ఊహకూ ఎంజైముకూ పోలిక ఉండొచ్చు, పోలిక రుజువు కాదు. మూడో ప్రమాదం నా పోలికలోనే ఉంది. దుంగ, పొయ్యి, పొగ, పంపకం అన్నానా? ఇల్లాలు సరిగా సర్దుకోలేదు అనే అర్థం అందులోంచి కూడా లాగొచ్చు. సైనికుడి స్థానంలో పొదుపు తెలియని గృహిణిని కూచోబెడితే మనం గెలిచిందేమీ లేదు. కణం ఇల్లాలు కాదు. పోలిక అర్థం చేసుకోవడానికి ఎక్కే మెట్టు, ఎక్కాక దిగిపోవాలి.

ఇక ఈ జబ్బు చరిత్రను స్త్రీల వైపు నుంచి చదివితే యుద్ధభాష ఏం దాస్తోందో ఇంకా బాగా కనిపిస్తుంది. రుమటాయిడ్‌ను ఒక ప్రత్యేక జబ్బుగా ఆధునిక వైద్యంలో మొదట వర్ణించింది 1800లో పారిస్‌లో లాండ్రె-బొవే అనే యువ వైద్యుడు. సాల్పెత్రియేర్ ఆస్పత్రిలో చూసిన తొమ్మిది మంది ఆధారంగా రాశాడు. తొమ్మిది మందీ స్త్రీలే. అప్పటికి కీళ్ళవాపు అంటే బాగా తిని తాగే ధనిక పురుషుల 'గౌట్'. ఇది పేదవాళ్ళలో, ఎక్కువగా ఆడవాళ్ళలో వచ్చే వేరే జబ్బని ఆయన గుర్తించాడు. ఆ తొమ్మిది మంది ఏమనుకున్నారో ఎక్కడా లేదు.

చక్కెర శాస్త్రంలోనూ అంతే. కండరంలో పుట్టిన లాక్టేటు కాలేయానికి చేరి తిరిగి గ్లూకోజు అవుతుందని భర్త కార్ల్‌తో కలిసి చూపిన గర్టీ కోరి, చాలా ఏళ్ళు అదే విశ్వవిద్యాలయంలో భర్తకంటే తక్కువ హోదాలో, తక్కువ జీతానికి పనిచేసింది. పూర్తి ప్రొఫెసర్ అయింది 1947లో, నోబెల్ వచ్చిన ఏడాదే.

ఇప్పుడు మందు సంగతి. రుమటాయిడ్‌కు ఈనాటికీ డాక్టర్లు ముందుగా రాసే మందు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారి వేసుకునే చిన్న మాత్ర. దాని కథ కూడా బట్టల మిల్లులోనే మొదలవుతుంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి మిల్లు కార్మిక స్త్రీలకు గర్భంలో వచ్చే ప్రాణాంతకమైన రక్తహీనత మీద పనిచేసి, ఈస్టు సారంలో దాన్ని తగ్గించే పదార్థం ఉందని 1931లో ప్రకటించింది. అదే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉంటూ దాని పనిని అడ్డుకునే అణువులు అక్కడే తయారయ్యాయి. అందులో ఒకటి మెథోట్రెక్సేట్. మొదట లుకేమియా పిల్లలకు ఇచ్చిన ఈ కుటుంబం మందును 1951లో గబ్నర్ అనే వైద్యుడు కీళ్ళ జబ్బులో వాడి చూశాడు. 1988లో అమెరికాలో దీనికి రుమటాయిడ్ చికిత్సగా అనుమతి వచ్చింది.

ఇంతకుముందు శక్తి నాణెం అన్న ఎటిపిని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి బయటపెట్టినవాడు కూడా ఈ సుబ్బారావే. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుక్కున్నాడు. అంటే గ్లూకోజు కథ ఒక కొసా, కీళ్ళ మందు ఇంకో కొసా ఒకే తెలుగు మనిషి చేతిలో ఉన్నాయి. తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ మంటను తగ్గించడానికి ముఖ్య కారణంగా భావిస్తున్నది అడినోసిన్ పెరగడం. ఎటిపి నడిబొడ్డున ఉండేది ఆ అడినోసినే.

ఈయన గురించి మనం రాసుకున్న వ్యాసాల్లో తెలుగుతేజం ఉంటుంది, నోబెల్ రాలేదన్న బాధ ఉంటుంది. 1922లో అమెరికా వెళ్ళి 1948లో చనిపోయేదాకా తిరిగిరాని ఆ మనిషి భార్య శేషగిరికి ఒక వాక్యం దక్కుతుంది. బొంబాయి మిల్లు స్త్రీలకు అదీ ఉండదు. ఇక ఆ మందు మింగే ధర్మవరం ఆమె ఈ కథలోకే రాదు. మిల్లు కార్మికురాలి రక్తం నుంచి మగ్గం ఇంటి ఆడదాని కణుపుల దాకా ఈ గొలుసు మొత్తం శ్రమచేసే స్త్రీల శరీరాల మీదుగా నడిచింది. వాళ్ళు ఆధారాలయ్యారు గానీ మాట్లాడేవాళ్ళు కాలేదు. 'వీర శాస్త్రవేత్త, శత్రు వ్యాధి' అనే కథ రాసినంతకాలం కాలేరు కూడా.

మన రచయిత్రుల సంగతేమిటి? శరీరం గురించి తెలుగులో మాట్లాడే ధైర్యం స్త్రీవాదం ఇచ్చింది. హైదరాబాదులో స్త్రీలు కలిసి తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఆరోగ్యాన్ని డాక్టరు బల్ల మీదనుంచి మన చేతికి తెచ్చింది. ఓల్గా 'రాజకీయ కథలు' ఒంటిలోని ఒక్కో భాగం మీద ఎవరి అధికారం నడుస్తోందో చూపాయి. కొండేపూడి నిర్మల ప్రసవ గదిని కవిత్వంలోకి తెచ్చింది. గర్భం, కాన్పు, అబార్షన్, రొమ్ము, బహిష్టు మన సాహిత్యంలోకి వచ్చాయి. కానీ గమనించండి, ఇవన్నీ స్త్రీని స్త్రీగా గుర్తించే భాగాలు. మణికట్టు రాలేదు, వేలి కణుపు రాలేదు. మోకాలు వచ్చినా ముసలి అత్తగారి సణుగుడుగా, నవ్వులాటగా వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి జడ అల్లుకోలేకపోవడం, రవిక హుక్కు పెట్టుకోలేకపోవడం, ముద్ద కలుపుకోలేకపోవడం మన కథల్లో ఎక్కడుంది? పునరుత్పత్తి శరీరాన్ని రాశాం, ఉత్పత్తి శరీరాన్ని రాయడం మిగిలే ఉంది. పని చేసే చెయ్యి పని ఆపినప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో రాయాలి.

ఈ రెంటికీ మధ్య ముడి కూడా ఉంది. మెథోట్రెక్సేట్ గర్భంలోని పిండానికి హాని చేస్తుంది. గర్భం కావాలనుకుంటే చాలా ముందే డాక్టరుతో మాట్లాడి ఆపాలి, అందాకా గర్భం రాకుండా చూసుకోవాలి. అంటే ఈ మాత్ర తీసుకునే ప్రతి యువతికీ తన గర్భం మీద నిర్ణయాధికారం ఉండాలి. పెళ్ళైన ఏడాదికి పిల్లలేరని అడిగే ఇంట్లో ఆ అధికారం ఎందరికుంది? వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మందును రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మాత్రల అట్ట మీద ఇంగ్లీషులో ఉన్న ఆ ముక్కను తెలుగులో, ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పే బాధ్యత ఎవరిది? ఇక్కడ భాష అలంకారం కాదు, మోతాదు.

నేను కోరేది కొత్త పారిభాషిక పదకోశం కాదు. 'దాడి', 'శత్రువు', 'ద్రోహం' అనే మాటలు రాయబోయే ముందు డాక్టర్లూ విలేకరులూ అనువాదకులూ ఒకసారి ఆగాలి. రచయిత్రులు మగ్గాల ఇళ్ళకూ, షిఫ్టు బస్సుల దగ్గరికీ వెళ్ళి అక్కడి మాటలు తెచ్చుకోవాలి. 'కట్టె కావడం', 'సడలడం' అని ఆమె అన్న రెండు మాటల్లో పాఠ్యపుస్తకం లక్షణం మొత్తం ఉంది. ఇక ఇంట్లో, పనిచోట, పక్కింట్లో ఒక స్త్రీ చేతులు నొప్పిగా ఉన్నాయని అన్నప్పుడు, ఏం తిన్నావు, ఏం చేశావు అని అడగకుండా, పొద్దున లేచాక ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయని అడుగుదాం. గంటసేపని జవాబొస్తే, రెండు చేతులకూ అంటే, ఆ వారంలోనే ఆమెను కీళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల చిల్లర, రైలుంది. తోడు వెళ్ళే మనిషే కావాలి.